వైజెన్‌బాక్: ఆ లవంగం వాసన ఎక్కడిది, మడ్డి కలపాలా?

నురుగుప్రియ:
ష్నైడర్ అవెంటినస్ లాంటి వైజెన్‌బాక్‌ను, అంటే 8.2 శాతం ఆల్కహాల్ ఉన్న ఘాటైన జర్మన్ గోధుమ బీరును, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే తీపి, ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియడం లేదు. అరటిపండు, లవంగం అని అందరూ అంటారు. అవి విడిగా వేస్తారా? ఎంత చల్లగా, ఎలా పోసుకోవాలి? అడుగున ఉన్న మడ్డి కలపాలా? 1516 నాటి బవేరియా చట్టం బార్లీ, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు), నీళ్లు మాత్రమే అంది కదా, మరి గోధుమ బీరు ఎలా బతికింది?

మాల్ట్‌గింజ:
లవంగమూ వేయరు, అరటిపండూ వేయరండి. రెండూ ఈస్ట్ పనే. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) పొట్టులో ఉండే ఫెరులిక్ ఆమ్లాన్ని గోధుమ బీరు ఈస్ట్ 4-వినైల్ గ్వాయకాల్‌గా మారుస్తుంది, లవంగం వాసన దానిదే. అందుకే మాష్‌ను (నీళ్లలో నానిన మాల్ట్‌ను) మొదట 43–45 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు ఆపుతారు, ఆ ఆమ్లం బాగా విడుదలయ్యేది అక్కడే. అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్‌ది. పులిసేటప్పుడు వేడి పెరిగినా, ఈస్ట్ తక్కువ వేసినా అది ఎక్కువవుతుంది.

బాక్‌లో చిక్కు ఇక్కడే. జర్మనీలో బాక్ అనాలంటే పులియక ముందు వోర్ట్ (మాల్ట్ నుంచి తీసిన తీపి రసం) సాంద్రత కనీసం 16 శాతం ఉండాలి, అవెంటినస్‌ది 18.5. ఇంత చిక్కటి వోర్ట్‌లో ఎస్టర్లు (అరటిపండు లాంటి పండ్ల వాసన పదార్థాలు) ఎలాగూ ఎక్కువ పుడతాయి. పులిసేటప్పుడు 17–20 డిగ్రీల్లో ఉంచితే సరే. 24 దాటనిస్తే అరటిపండు పోయి గోళ్లరంగు వాసన, గొంతులో మంట మిగులుతాయి.

పీపామూత:
మీ ఇబ్బందికి కారణం చల్లదనమే. 4 డిగ్రీల దగ్గర ఈ వాసనలు పైకి లేవవు. సీసాను ఒక రోజు నిలబెట్టి ఉంచండి. తాగడానికి అరగంట ముందు బయట పెట్టండి, 10–12 డిగ్రీలకు రావాలి. గ్లాసును చన్నీళ్లతో కడిగి, తుడవకుండా తడిగానే వాడండి. సబ్బు, జిడ్డు ఏ కాస్త ఉన్నా నురుగు నిలవదు. ఇందులో మామూలు లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) కంటే గ్యాస్ ఎక్కువ కాబట్టి గ్లాసు బాగా వంచి, గోడ వెంట నెమ్మదిగా పోయాలి. తొందరపడితే సగం గ్లాసు నురుగే.

మొదట వాసన చూడండి, తర్వాతే గుటక. చల్లగా ఉన్నప్పుడు లవంగం, కాస్త వేడెక్కాక ఎండు ద్రాక్ష, ప్లమ్. ఈ రెండోవి ముదురు మాల్ట్ నుంచి వచ్చేవి. వైహెన్‌స్టెఫాన్ బ్రూవరీ వారి వీటుస్ (7.7 శాతం) లేత రంగుది కనుక వాటిని అందులో వెతక్కండి. నిమ్మ ముక్క మాత్రం వద్దు, లవంగాన్ని కప్పేస్తుంది.

పాతసీసా:
చట్టం సంగతి: గోధుమ రొట్టెకు మిగలాలన్నది ఆ నిషేధం వెనక ఉన్న కారణాల్లో ఒకటిగా చెబుతారు. అయినా డేగెన్‌బెర్గ్ ప్రభు వంశానికి గోధుమ బీరు కాచే ప్రత్యేక హక్కు ఉండేది. 1602లో ఆ వంశం అంతరించగానే హక్కు బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ డ్యూక్ చేతికి వచ్చింది, ఖజానాకు మంచి రాబడి అయింది. నిషేధించిన పాలకుల వారసులే గుత్తాధిపత్యం పెట్టుకుని సంపాదించారన్నమాట! 19వ శతాబ్దంలో లాగర్ దెబ్బకు గిరాకీ పడిపోయింది. 1872లో గెయోర్గ్ ష్నైడర్ ఆ హక్కు సంపాదించి మ్యూనిక్‌లో సొంత బ్రూవరీ పెట్టాడు. అవెంటినస్ 1907 నాటిది, పేరు బవేరియా చరిత్రకారుడు యోహానెస్ అవెంటినస్‌ది. 1944 బాంబు దాడుల్లో మ్యూనిక్ బ్రూవరీ ధ్వంసమయ్యాక తయారీ కెల్‌హైమ్‌కు మారింది.

మడ్డి విషయంలో నా పద్ధతి ఇది. మొదటి సగం తేటగా తాగండి, మాల్ట్ స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత సీసాలో మిగిలినదాన్ని గిరగిరా తిప్పి కలపండి, బీరు చిక్కబడుతుంది, రొట్టె రుచి వస్తుంది.

నురుగుప్రియ:
సీసాను ఏడాది దాచితే బాగుపడుతుందా?

పాతసీసా:
ముదురు రంగుదైతే దాచొచ్చు, చీకట్లో, 10–12 డిగ్రీల్లో, నిలువుగా. అరటిపండు తగ్గి షెర్రీ (ఒక రకం ఘాటైన వైన్), ఖర్జూరం వాసనలు వస్తాయి. లేత రంగుదైతే తాజాగానే తాగేయండి. దాచిన సీసాలో మాత్రం మడ్డి కలపకండి, చచ్చిన ఈస్ట్ సోయా సాస్ రుచినిస్తుంది.