టైఫాయిడ్ తగ్గిన పిల్లవాడికి బలం వచ్చేలా వండడం ఎలా?

మా తొమ్మిదేళ్ల అబ్బాయికి టైఫాయిడ్ వచ్చి, 14 రోజుల మందుల కోర్సు పూర్తయి జ్వరం తగ్గి పది రోజులు దాటింది గానీ, 26 కిలోలున్నవాడు 22 కిలోలకు దిగిపోయి, మేడమెట్లు ఎక్కేసరికి కాళ్లు లాగుతున్నాయంటూ మధ్యలోనే కూర్చుండిపోతున్నాడు. కారం, వేపుళ్లు మాని, మెత్తగా వండినవన్నీ పెట్టవచ్చునని డాక్టరుగారు చెప్పారు. మా అత్తయ్యగారు మాత్రం, లంఖణం పరమౌషధమనే కాలంలో పెరిగినవారు కనుక, నెల గడిచేదాకా బీరకాయ కూర, మిరియాల చారు తప్ప పప్పు, పెరుగు, గుడ్డు ముట్టనివ్వకూడదంటున్నారు. ఆవిడ ప్రేమను శంకించను. కాని ఆ పథ్యంతో పోయిన కండ తిరిగి రాదని నా భయం.

ప్రస్తుతం మెత్తటి అన్నంలో పెసరకట్టు కలిపి, చెంచాడు నెయ్యి వేసి పెడుతున్నాను, అది తింటున్నాడు. చిక్కంతా రాగిజావతోనే. చల్లారేలోగా పైన కట్టే పొరను వేలితో తీసి గిన్నె అంచుకు అంటించి, రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేస్తాడు. పలచగా కాస్తే తాగుతాడు, కాని అందులో పిండి ఏపాటి ఉంటుంది? మొలకెత్తించిన రాగుల పిండితో కాస్తే జావ అంత చిక్కబడదు కనుక అదే గ్లాసులో ఎక్కువ పిండి ఇమడుతుందని తెలుసు. అయితే మొలకలను ఆరబెట్టాక వేయించి పట్టిస్తే ఆ గుణం పోతుందా, లేక ఎండబెట్టి అలాగే పట్టించాలా?

అలాగే, నీచు వాసన తెలియకుండా గుడ్డును ఏ వంటకంలో కలిపి పెట్టారో, ఇటువంటి జ్వరం నుంచి పిల్లలను తేర్చుకున్న తల్లులు దయచేసి కొలతలతో సహా తెలుపగలరు.