లాటరీ సొమ్ముతో ఊరి సంఘాలకు గ్రాంట్లు: మన శ్రీకాకుళంలో ఏదైనా దారి ఉందా?

నాగావళి గట్టు (ప్రశ్న)

ఆమదాలవలస దగ్గర ఊళ్లో యువజన సంఘం. రిజిస్ట్రేషనై నాలుగేళ్లయింది. సాయంత్రం పూట చదువుల గది తెరుస్తాం, పిల్లలకు కబడ్డీ నేర్పిస్తాం. గది రేకులు మార్చాలి, పుస్తకాలూ బీరువాలూ కావాలి, కబడ్డీ మ్యాటు కావాలి. అంతా కలిపి 3 లక్షలు దాటుతోంది.

కెనడాలో ఉన్న మా ఊరివాళ్లు చెప్పిందేటంటే, అక్కడ కాసినోలు, లాటరీల మీద వచ్చే ఆదాయంలోంచి ప్రభుత్వమే ఏటా ఇలాంటి సంఘాలకు డబ్బు ఇస్తుందట. మన దగ్గర అలాంటిదేటైనా ఉందా? లేకపోతే వాళ్ల దానికే మనం దరఖాస్తు పెట్టొచ్చా? రెండూ కుదరకపోతే, సంక్రాంతికి వంద రూపాయల కూపన్లు 2,000 అచ్చేయించి స్కూటర్ లక్కీ డ్రా పెడదామని కమిటీలో కొందరు పట్టుమీదున్నారు. స్కూటర్ ఖర్చు పోను లక్ష మిగులుతుందని వాళ్ల లెక్క. తెలిసినవాళ్లు చెప్పండి.

గ్రాంటు గుమస్తా

మేస్టారూ, మీవాళ్లు చెప్పింది నిజమే. అయితే అది కెనడా అంతటా ఒకే తీరుగా ఉండదు, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. సంఘాలకు నేరుగా పంచడంలో పేరున్నది బ్రిటిష్ కొలంబియా. లాటరీలు, కాసినోలు చూసేది 1985లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. లాభమంతా ఖజానాకు పోతుంది. అందులోంచి ఏటా సుమారు 14 కోట్ల డాలర్లు దాదాపు 5,000 సంఘాలకు వెళ్తాయి. పంచేది లాటరీ సంస్థ కాదు, ప్రభుత్వంలోనే వేరే విభాగం. బడి తల్లిదండ్రుల కమిటీలకు పిల్లాడికి 20 డాలర్ల చొప్పున ఇస్తారు. ఊరిస్థాయి సంఘానికి ఏడాదికి లక్ష డాలర్లు మించదు. కట్టడాలకూ పెద్ద సామగ్రికీ వేరే పద్దు ఉంది. అందులో ఖర్చులో సగం వరకే ఇస్తారు, మిగతా సగం సంఘమే తెచ్చుకోవాలి.

మనవాళ్లు గమనించాల్సింది షరతుల్ని. డబ్బు అడిగే కార్యక్రమం అప్పటికే ఏడాదిగా నడుస్తూ ఉండాలి, మొదలుపెడతామంటే కుదరదు. కమిటీ సభ్యుల ఎన్నికతో రావాలి, జీతం తీసుకోకూడదు. గ్రాంటు సొమ్ముకు విడిగా బ్యాంకు ఖాతా, దానికి ఇద్దరి సంతకాలు. పన్నెండు నెలల్లో ఖర్చు పెట్టాలి. సంఘం ఆర్థిక సంవత్సరం ముగిశాక 90 రోజుల్లో ఆ ఖాతా లెక్క పంపాలి, పంపకపోతే తర్వాతి గ్రాంటు ఆగుతుంది. ఇంకోటి మనకు వింతగా తోస్తుంది: చేతిలో ఉన్న నగదు నిరుటి ఖర్చులో సగం దాటితే మీకు అవసరం లేదని తేలుస్తారు. ఇక్కడ మనం ఫిక్స్‌డ్ డిపాజిట్ చూపించి సంఘం గట్టిదని చెప్పుకుంటాం. అక్కడ అదే అడ్డం పడుతుంది.

బ్రిటన్‌లో నేషనల్ లాటరీ 1994 నవంబరులో మొదలైంది. చిన్న సంఘాలకు 300 నుంచి 20,000 పౌండ్ల దాకా ఇచ్చే పథకం ఉంది, జవాబుకు నాలుగు నెలల దాకా పడుతుంది. కమిటీలో ఒకరికొకరు చుట్టాలు కాని, ఒకే ఇంట్లో ఉండని ఇద్దరైనా ఉండాలంటారు. అన్నదమ్ములూ బావమరుదులే కమిటీగా నడిచే సంఘాలు మన వైపు ఎన్నున్నాయో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పటికే పెట్టేసిన ఖర్చుకు, అప్పు తీర్చడానికి, పూజలూ ప్రార్థనలకూ ఆ డబ్బు రాదు.

మీరు దరఖాస్తు పెట్టొచ్చా అంటే పెట్టలేరు. ఏ రాష్ట్రం డబ్బైనా ఆ రాష్ట్రంలో జరిగే పనికే. అక్కడి తెలుగు సంఘానికి గ్రాంటు వచ్చినా అందులోంచి ఆమదాలవలసకు పంపే వీల్లేదు, పంపితే వాళ్లే వెనక్కి కట్టాలి.

ఊరివాళ్లు సొంత జేబులోంచి పంపుతామంటే అది వేరే సంగతి, అక్కడా ఒక మెలిక ఉంది. పంపేవారికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. కెనడా పౌరసత్వం తీసేసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి: సంఘానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు, ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా. మీకు అందని ద్రాక్ష. కాబట్టి విరాళం తీసుకునేముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి, కాపీ ఒకటి ఫైల్లో పెట్టండి. మొహమాటపడితే రేపు ఇబ్బంది.

‘లాటరీ సంస్థ మీ సంఘాన్ని ఎంపిక చేసింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని మెయిల్ వస్తే మోసం. అసలు గ్రాంటు ఇచ్చేవాళ్లెవరూ ముందు డబ్బు అడగరు.

తోటపాలెం ప్లీడరు

మన రాష్ట్రం సంగతి నేను చెబుతా. లాటరీకి 1998 నాటి కేంద్ర చట్టం ఉంది. దాని ప్రకారం లాటరీ నడిపితే రాష్ట్ర ప్రభుత్వమే నడపాలి, అమ్మకం సొమ్ము రాష్ట్ర పబ్లిక్ ఖాతాలో పడాలి. వద్దనుకునే రాష్ట్రం పక్క రాష్ట్రాల టికెట్లనూ ఆపొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లాటరీ లేదు. పేకాట, పందేలకు 1974 గేమింగ్ చట్టం అడ్డం. ఆన్‌లైన్ రమ్మీలాంటివి 2020 సవరణతో ఇక్కడ ఆపారు, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అంటే పంచడానికి జూదం సొమ్మంటూ ఖజానాలో లేదు. మీరు అడిగే గ్రాంటు ఇక్కడ ఎందుకు లేదంటే కారణం ఇదే, ఎవరో దాచిపెట్టడం వల్ల కాదు.

ఇప్పుడు స్కూటర్ కూపన్లు. దయచేసి అచ్చేయించకండి. డబ్బు తీసుకోవడం, బహుమతి ఉండటం, అది ఎవరికొస్తుందో అదృష్టం తేల్చడం, ఈ మూడూ కలిస్తే లాటరీ. కూపన్ మీద ‘విరాళం రసీదు’ అని రాసినా, మిగిలింది చదువుల గదికేనని రాసినా లాటరీ లాటరీయే. అనుమతి లేని లాటరీ నడిపితే భారతీయ న్యాయ సంహిత 297 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అచ్చేసి ప్రచారం చేసినవారికి 5,000 దాకా జరిమానా వేరే. ప్రెస్‌వాడూ ఇరుక్కుంటాడు, వాట్సాప్‌లో పెట్టినవాడూ ఇరుక్కోవచ్చు.

పక్క ఊళ్లో ఏటా పెడుతున్నారు కదా అంటారు. ఎవరూ ఫిర్యాదు చేయనంతవరకే అది. స్కూటర్ రానివాడు ఒక్కడు స్టేషన్‌కెళ్తే మీ అధ్యక్షుడూ కార్యదర్శీ నిందితులు, సంఘం పేరు ఎఫ్‌ఐఆర్‌లో. ఆ తర్వాత ఏ గ్రాంటు ఫారంలోనైనా ‘కేసులున్నాయా’ అన్న గడి దగ్గర ఆగిపోతారు. బ్రిటన్‌లో చిన్న సంఘం స్థానిక కౌన్సిల్ దగ్గర 40 పౌండ్లు కట్టి నమోదైతే, 20,000 పౌండ్లు దాటని టికెట్లు దర్జాగా అమ్ముకోవచ్చు, అందులో కనీసం అయిదో వంతు సేవకు పోవాలి. కెనడాలోనూ లైసెన్సు దొరుకుతుంది. ఇక్కడ ఊరి సంఘానికి అలాంటి లైసెన్సే లేదు, అడగడానికి ఆఫీసూ లేదు.

నాగావళి గట్టు

అయితే కూపన్ల మాట ఒగ్గీడమే. వినాయకచవితికి లడ్డూ వేలం మరి? అది కూడా తప్పేనా? కేరళలో లాటరీ డబ్బు పేదలకిస్తారని విన్నాను, అక్కడి సంఘాలకైనా వస్తుందా?

తోటపాలెం ప్లీడరు

వేలం తప్పు కాదు. ఎక్కువ పాడినవాడికి లడ్డూ, అందులో అదృష్టం పాలు లేదు. పాడిన మొత్తానికి రసీదు ఇచ్చి సంఘం ఖాతాలో జమ చేయించండి. పాట పాడి ఏడాదైనా కట్టని బకాయిల్ని మాత్రం ఆదాయంగా రాసుకోకండి, ఆడిటర్ కొట్టేస్తాడు.

కేరళ లాటరీ శాఖ 1967లో పెట్టారు, మొదటి డ్రా 1968 జనవరి 26న తీశారు. పేదలకంటూ విడిగా పెట్టింది కారుణ్య నిధి. అది గుండె, కిడ్నీ, క్యాన్సర్ లాంటి రోగాలకు వైద్య ఖర్చు కోసం, డబ్బు ఆసుపత్రికి పోతుంది. క్లబ్బులకూ గ్రంథాలయాలకూ పంచే బ్రిటిష్ కొలంబియా పద్ధతి అది కాదు.

గజపతినగరం లెక్కలు

జూదం డబ్బు లేకపోయినా 3 లక్షల పనికి ఇక్కడ దారులు లేకపోలేదు. ఏ దారికైనా కాగితాలు ముందు. చాలా దరఖాస్తులు పని బాగోలేక కాదు, కాగితం కుదరక తిరిగొస్తాయి.

2001 సొసైటీల చట్టం కింద నమోదై ఉంటే, ఏటా మహాసభ పెట్టి కమిటీ జాబితాను 15 రోజుల్లోపు రిజిస్ట్రారుకు ఇవ్వాలి. నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఇచ్చారో ముందు అది చూసుకోండి. ఇవ్వకపోతే కాగితం మీద ఇప్పటికీ పాత కమిటీయే ఉంటుంది, కొత్త కార్యదర్శి సంతకం చెల్లదు. రాజాం వైపు సంఘాలకు ఇంకో తలనొప్పి: 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, సర్టిఫికెట్ మీద మాత్రం శ్రీకాకుళం అనే ఉంటుంది. పాన్, బ్యాంకు, సర్టిఫికెట్ మూడింట్లో చిరునామా ఒకేలా లేకపోతే ఆన్‌లైన్ ఫారం ముందుకు కదలదు.

పాన్ కార్డు మీద నాలుగో అక్షరం ‘పి’ అని ఉంటే అది మనిషిది, సంఘానిది కాదు. అధ్యక్షుడి పాన్‌తో ఖాతా తెరిచిన సంఘాలు చాలా ఉన్నాయి. విరాళాలన్నీ ఆయన ఆదాయం కిందికి పోయి ఆయనకే నోటీసు వస్తుంది. సంఘం పేరునే పాన్ తీసి, తీర్మానం రాసి, ఇద్దరి సంతకాలతో ఖాతా తెరవండి. తర్వాత నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంఘాల వివరాలుండే ప్రభుత్వ సైటు) నమోదు, దానికి ఫీజు లేదు. ఆపైన ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవారికి మినహాయింపు). అవి వచ్చాక కంపెనీల వ్యవహారాల శాఖ సైటులో సీఎస్‌ఆర్-1 ఫారం, కంపెనీల సామాజిక బాధ్యత నిధి తీసుకోవాలంటే సంఘం చేసుకోవాల్సిన నమోదు అది. ఈ వరసలోనే వెళ్లండి, 12ఏ, 80జీ లేకుండా సీఎస్‌ఆర్-1 తీసుకోరు.

మీకు బాగా సరిపోయేది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల లాభం, వీటిలో ఏదో ఒకటి దాటిన కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇమ్మని చట్టంలోనే ఉంది. మన వైపు పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలున్నాయి. సంఘానికి అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం అడుగుతారు, మీకు నాలుగేళ్లుంది కాబట్టి నిలబడతారు. చట్టం ఏడో షెడ్యూల్లో ‘ప్రజా గ్రంథాలయం’, ‘గ్రామీణ క్రీడల శిక్షణ’ అన్న మాటలు అలాగే ఉన్నాయి. దరఖాస్తులో ఆ మాటలే వాడండి. ‘సంఘం భవనం మరమ్మతు’ అని రాస్తే పక్కన పడేస్తారు, ‘ప్రజా గ్రంథాలయం పైకప్పు’ అంటే చదువుతారు. రెండూ ఆ రేకులే.

లెక్క వేసేటప్పుడు ‘మ్యాటు ఒకటి’ అని రాయకండి. మగపిల్లల కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. మీటరు చదరపు పలకలు 130 పడతాయి. ఆడపిల్లల కోర్టు 12, 8, అంటే 96 పలకలు. కోర్టు గీతల బయట వదిలే జాగాకు పలకలు వేరు. మందం ఎంతో, పలక ధరెంతో, పన్నెంతో విడివిడిగా రాయాలి. కొటేషన్లు మూడు, మూడూ సంఘం పేరునే, జీఎస్టీ నంబరుతో, తేదీతో ఉండాలి. ఒకే షాపువాడు మూడు లెటర్‌హెడ్‌ల మీద ఇచ్చిన కొటేషన్లు పట్టుకోవడం చాలా తేలిక, ఒకే అచ్చుతప్పు మూడింట్లోనూ ఉంటుంది.

పుస్తకాలకు రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఉంది, దరఖాస్తు రాష్ట్ర పౌర గ్రంథాలయాల శాఖ మీదుగా వెళ్లాలి. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మీ ఊరూ కడుతోంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది. కాబట్టి ముందు వాళ్లను కలిసి మీ గదిని వాళ్ల లెక్కలోకి తీసుకోగలరేమో అడగండి. ఎంపీ నిధి ఏడాదికి 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. పని ప్రభుత్వ ఏజెన్సీయే చేయిస్తుంది, నగదు మీ చేతికి రాదు. ఖనిజ నిధి అడగమని ఎవరైనా చెబితే, అది గనుల ఊళ్లకు, టెక్కలి గ్రానైటు, గరివిడి మాంగనీసు వైపు వాళ్లకు. మీకు దూరం.

గ్రాంటు గుమస్తా

పై జవాబుకు ఒక సవరణ. 12ఏ, 80జీ వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు, నెలలు పట్టొచ్చు. ఈలోగా 3 లక్షల్నీ ఒక్క దరఖాస్తుగా మోయకుండా మూడు ముక్కలు చేయండి: రేకులు, పుస్తకాలూ బీరువాలూ, మ్యాటు. రేకులకు మాత్రం ఊళ్లో చందా ఎత్తండి, లడ్డూ వేలం డబ్బు అందులో కలపండి. నగదు విరాళం 2,000 దాటితే తర్వాత 80జీ వచ్చినా ఇచ్చినవారికి మినహాయింపు దక్కదు, కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే అడగండి. మరొకటి, గ్రాంటు అడుగుతున్న సామానును మంజూరు రాకముందే అప్పుమీద కొనకండి. మ్యాటు వచ్చేశాక బిల్లు చూపిస్తే ‘కొనేశారు కదా’ అంటారు.

నాగావళి గట్టు

మహాసభ జాబితాలు రెండేళ్లవి ఇవ్వలేదని ఇప్పుడే తేలింది. రేపు రిజిస్ట్రారు ఆఫీసుకే పోతాం. పాన్ కూడా తీసి చూశాను, నాలుగో అక్షరం ‘పి’నే.

గజపతినగరం లెక్కలు

అయితే దర్పణ్, 12ఏ సంగతి తర్వాత. ముందు జాబితాలు, తర్వాత సంఘం పాన్, తర్వాత కొత్త ఖాతా. పాత ఖాతాలో ఉన్నది నగదుగా తీయకండి, చెక్కు మీదే కొత్త ఖాతాకు మార్చి, ‘సంఘం సొమ్ము బదిలీ’ అని తీర్మానం రాసి కమిటీ అందరి చేతా సంతకాలు పెట్టించండి.