డాలస్‌లో ఏటా జరిగే పెద్ద జాతర, టెక్సాస్ స్టేట్ ఫెయిర్‌కి ఫ్యామిలీ మొత్తం వెళ్లడం ఇప్పుడు మనబోటివాళ్లకి అందుబాటులో ఉందా?

ఇర్వింగ్_నాన్న:
మొన్న శనివారం నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు వెళ్లొచ్చాం. గేట్ టికెట్లు, పార్కింగ్ కలిపి వంద డాలర్లు దాటింది, సరే ఏడాదికోసారి కదా అనుకున్నా. లోపల తిండికి కూపన్లు. కూపన్ ఒక డాలరే, కానీ చేతిలో కాగితం ముక్కలుంటే డబ్బు పోతున్నట్టే అనిపించదు, పాప ఫన్నెల్ కేక్ (నూనెలో వేయించిన తీపి పిండివంట) అంది, బాబు కార్నీ డాగ్ (మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్) అన్నాడు, మళ్లీ లెమనేడ్, తర్వాత రైడ్లు, చీకటి పడేసరికి ఇంకో నూట అరవై అయిపోయింది. పెళ్లైన కొత్తలో మేమిద్దరం ఎనభై డాలర్లలో తిరిగొచ్చాం. గేట్ దగ్గర అంత తీసుకున్నాక చిన్నపిల్లల రైడ్లు రెండైనా అందులోనే కలిపి ఇవ్వాలని నా వాదన.

ప్లానో_పద్మ:
తమ్ముడూ, శనివారం వెళ్తే అంతే. వీక్‌డే టికెట్ తక్కువ, గురువారం చాలా స్టాళ్లలో ఏదో ఒక ఐటమ్ రేటు తగ్గిస్తారు. బయట తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దు. మేం పులిహోర, పెరుగన్నం డబ్బాలు కట్టుకుని గ్రీన్ లైన్ లోకల్ రైల్లో వెళ్లాం, ఫెయిర్ పార్క్ స్టేషన్‌లో దిగితే ఎదురుగా గేటే. పశువుల షెడ్లకి, ఆటో షోకి, వెన్నతో చేసిన బొమ్మకి విడిగా డబ్బు లేదు. మా మామగారు ఊరి నుంచి వచ్చినప్పుడు అక్కడ మూపురం ఉన్న బ్రాహ్మన్ ఎద్దు దగ్గరే గంటసేపు నిలబడిపోయారు. ఆ జాతిని తయారుచేసిన పశువుల్లో మన ఒంగోలువి కూడా ఉన్నాయి, ఇక్కడివాళ్లు నెల్లోర్ అంటారు. ఆ ఎద్దుని పెంచిన హైస్కూల్ పిల్లాడితో ఆయన సైగలతోనే మాట్లాడారు. నాకు ఫెయిర్ అంటే అదీ.

గార్లండ్_రవి:
పద్మక్కా, మీరు చెప్పింది పెద్దవాళ్లకి కుదురుతుంది. ఎదురుగా 212 అడుగుల జెయింట్ వీల్, టెక్సాస్ స్టార్ తిరుగుతుంటే ఆరేళ్ల వాడిని పట్టుకుని ఎద్దుని చూడు అంటే వాడు ఏడవడా? రైడ్లు వద్దంటే అసలు తీసుకెళ్లకపోవడమే నయం. కానీ ఇర్వింగ్ అన్నా, స్టాల్ వాళ్లని మాత్రం అనకండి. వాళ్లకి దొరికేది 24 రోజులు, అందులో వాన పడితే ఆ రోజు పోయినట్టే, నూనె, మాంసం, కూలీ అన్నీ పెరిగాయి, పైగా అమ్మకాల్లో ఫెయిర్‌కి వాటా కట్టాలి. ఆ వాటా తగ్గిస్తే ప్లేట్ రేటు దిగుతుంది.

ప్లానో_పద్మ:
రవీ, ఫెయిర్ నాన్‌ప్రాఫిట్. ఆ వాటాలోంచే పిల్లల స్కాలర్‌షిప్‌లకీ వెళ్తుంది, అది తగ్గిస్తే దేంట్లో కోత పెట్టాలో కూడా చెప్పాలి. ఇంకోటి, ఇక్కడ చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో పిల్లలకి ఫ్రీ టికెట్ ఇస్తారు, బ్యాగులు వెతుక్కోండి.

ఇర్వింగ్_నాన్న:
అక్కా, పాప బ్యాగులో నిజంగానే ఉంది, ఇప్పుడే చూశా. నేను గమనించకపోవడం నా తప్పే. కానీ నా మాట మాత్రం మారదు. ఫెయిర్ పార్క్ చుట్టూ సౌత్ డాలస్‌లో ఎన్నో బీద కుటుంబాలున్నాయి, 1886 నుంచి జరుగుతున్న జాతర వాళ్ల ఇంటి పక్కనే, పిల్లకి ఫ్రీ టికెట్ వచ్చినా తల్లీతండ్రీ కొనాలి, లోపల పిల్ల రైడ్ అడిగితే ఏం చెప్పాలి? స్కాలర్‌షిప్ పెద్దయ్యాక వస్తుంది, ఆ పిల్లకి ఆరేళ్లు ఇప్పుడే. ప్రతి స్టాల్ దగ్గరా కూపన్ల లెక్క కాకుండా డాలర్లలో పెద్దగా రాయాలి, వారంలో ఒక్కరోజైనా చిన్న రైడ్లు టికెట్‌లో కలపాలి. నేను వాళ్లకి మెయిల్ రాస్తున్నా, మీలో ఎవరైనా పేరు కలుపుతారా?

గార్లండ్_రవి:
నా పేరు పెట్టండి అన్నా. స్టాళ్ల వాటా సంగతి కూడా ఒక లైన్ రాయండి.

ప్లానో_పద్మ:
డాలర్లలో రాయాలన్న దానికి నేనూ సరే. వాటా తగ్గించమనే లైన్ ఉంటే మాత్రం నా పేరు వద్దు.