హారర్ సీరియల్‌లో బొమ్మలు ఎన్ని ఉండాలి?

పానగల్లు పిల్ల:
మా నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం నేపథ్యంలో వారం వారం హారర్ సీరియల్ రాస్తున్నా. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడే కథకు ప్రాణం. భాగానికి నాలుగైదు బొమ్మలు పెడుతుంటే లైకులు వస్తున్నాయి గానీ, "భయం వేయట్లేదు" అంటున్నారు. తగ్గించనా?

దేవరకొండ రీడర్:
తగ్గించండి అక్కా. పోయిన భాగంలో తలుపు కిర్రుమన్న వాక్యం కంటే ముందే దయ్యం బొమ్మ కనబడింది, ఫోన్‌లో పైకి తోస్తుంటే కన్ను బొమ్మ మీదికే పోతుంది కదా, ఇంక చదవడానికేముంది?

పాలమూరు పాత పాఠకుడు:
మొత్తం తీసేయకమ్మా. వారపత్రికల్లో సీరియల్ మొదట్లో ఒక బొమ్మ వేసేవారు, మిగతాది మేమే ఊహించుకునేవాళ్లం. ఆ గుడికి మూడు గర్భాలయాలు, చూడనివాళ్లకు ఆ అమరిక మాటల్లో చెబితే ఎక్కదు, అది గీయించు. స్తంభాలు, చీకటి వరకు చాలు. నీడ ఎవరిదన్నది రాతకే వదిలెయ్. ఇంకోటి, హారర్ అని ట్యాగ్ పెట్టి వరసగా ప్రేమకథే నడిపితే బొమ్మలు తీసినా భయం రాదు.

పానగల్లు పిల్ల:
ప్రేమకథ తీయలేను సార్, ఆ అమ్మాయి కోసమే వాడు రాత్రి గుడికి వెళ్తాడు. ట్యాగ్‌లో రెండూ పెడతా, దయ్యం బొమ్మ ఈ వారం నుంచే బంద్.