టిబర్ రూబిన్‌కి మెడల్ ఆఫ్ ఆనర్ రావడానికి యాభై ఏళ్లు పైనే ఎందుకు పట్టింది?

కందిపప్పు: రూబిన్ కొరియా యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి ఖైదీగా చిక్కిన యూదు సైనికుడు. మెడల్ ఆఫ్ ఆనర్ అంటే అమెరికా సైన్యంలో అత్యున్నత శౌర్య పతకం. ఆ యుద్ధం 1953లో ఆగింది, పతకం 2005లో వచ్చింది. అమెరికా పౌరుడు కాకపోవడమే అడ్డమా? ఇంతకీ ఆ పతకం కొండ మీద పోరాటానికా, ఖైదీల శిబిరంలో చేసినదానికా? ఒక్కోచోట ఒక్కోలా రాస్తున్నారు.

పాత దస్త్రం: పౌరసత్వం అడ్డం కాదండీ. పౌరులు కానివాళ్లకి కూడా ఈ పతకం ఇచ్చారు. రూబిన్‌కి పౌరసత్వం 1953లోనే వచ్చేసింది కూడా. ఆగింది కాగితం దగ్గర. సిఫారసు కింది నుంచి కదలాలి: చూసినవాళ్ల వాంగ్మూలాలు, పై అధికారి సంతకం, ఒక్కో మెట్టూ ఎక్కడం. ఇద్దరు అధికారులు ఆయన పేరు పంపమన్నారు. కానీ కాగితాలు తయారుచేయాల్సిన సార్జెంట్ యూదు ద్వేషంతో వాటిని కదలనివ్వలేదని తోటి సైనికులు తర్వాత ప్రమాణ పత్రాలు ఇచ్చారు. పంపమన్న ఆ ఇద్దరూ యుద్ధంలోనే చనిపోయారు. ఇక అడిగేదెవరు?

సిఫారసు పంపే గడువు దాటితే మామూలు దారి మూసుకుపోతుంది, చట్టసభ తలుపు తీయాల్సిందే. 2002 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో యూదు, హిస్పానిక్ సైనికుల పాత దస్త్రాలు తిరగేయమన్నారు. 2005 సెప్టెంబర్ 23న అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ చేతుల మీదుగా రూబిన్‌కి పతకం అందింది. అదే తిరగేతలో తేలిన మరో 24 మందికి 2014లో ఇచ్చారు.

గుర్రంలేని రౌతు: రెండో ప్రశ్నకి: రెండిటికీ. ప్రశంసాపత్రంలో కాలం 1950 జులై 23 నుంచి 1953 ఏప్రిల్ 20 దాకా ఉంది. ఆయనది 8వ క్యావల్రీ రెజిమెంట్. పేరుకే అశ్వికదళం, నడిచేది కాళ్ల మీదే. పటాలం దక్షిణ కొరియాలోని పుసాన్ వైపు వెనక్కి వెళ్తుంటే తేగు–పుసాన్ రోడ్డు తెరిచి ఉంచడానికి ఒక కొండ మీద ఉత్తర కొరియా సైన్యాన్ని ఒక్కడే 24 గంటలు ఆపాడు. తర్వాత ఉత్తర కొరియాలోని ఉన్సాన్‌లో ముగ్గురు గన్నర్లు పడిపోయిన .30 మెషిన్ గన్ దగ్గర కూర్చుని, తూటాలు అయిపోయేదాకా కాల్చాడు. గాయపడి చైనా సైన్యానికి చిక్కింది అక్కడే. ఒక తిరకాసు: పత్రంలో అక్టోబర్ 30 అని ఉంటుంది, కానీ ఆ రెజిమెంట్ మీద పెద్ద దాడి జరిగింది నవంబర్ 1 రాత్రి. తేదీలు పోల్చేవాళ్లు ఇక్కడే తికమక పడతారు.

తెల్లకోటు: శిబిరం సంగతి ఒక ముక్కలో తేల్చకండి. రూబిన్ హంగరీలోని పాస్టోలో 1929లో పుట్టాడు. కుర్రాడిగా ఉండగానే నాజీల మౌతౌజెన్ శిబిరంలో పడ్డాడు. 1945 మేలో విడిపించింది అమెరికా సైన్యమే. ఆకలి మనిషిని ఏ వరసలో పడగొడుతుందో ఆయనకి ముందే తెలుసు. అందుకే కొరియాలో ఖైదీగా ఉండగా రాత్రిళ్లు శత్రువు గోదాముల్లో, కూరగాయల మళ్లలో దొంగతనానికి వెళ్లేవాడు. ప్యాంటు కాళ్లు చీలమండల దగ్గర తాడుతో బిగించి, లోపల దొరికిందల్లా నింపుకునేవాడు. చేతులు ఖాళీగా ఉంటాయి కదా, పాకడానికి వీలు. కుళ్లిన గాయాల మీద పురుగులు వదిలేవాడు. అవి చచ్చిన కండని తింటాయి. అయితే పని అవగానే తీసేయాలి, లేకపోతే అదో కొత్త బాధ. నలభై మంది దాకా బతికారంటే ఇలాంటి పనుల వల్లే.

హంగరీకి పంపిస్తామని చైనావాళ్లు అన్నా ఒప్పుకోలేదు. అప్పటికి ఆయన అమెరికా పౌరుడు కూడా కాదు.

కందిపప్పు: గడువు సంగతి, తేదీల తిరకాసు ఇంకెక్కడా దొరకలేదు. ధన్యవాదాలండీ.