‘పట్టపగ్గాలు’లో ‘పట్ట’ అంటే ఏమిటి?

సభ్యులందరికీ నమస్కారం. విజయనగరం నుంచి రాస్తున్నాను. ‘వాళ్ల ఆనందానికి పట్టపగ్గాలు లేవు’ అని అందరం రాస్తాం. పగ్గం తెలుసు. పక్కనున్న ఆ ‘పట్ట’ ఏమిటి? ఈ సందేహం నాకు నిఘంటువు ముందు కూర్చుంటే రాలేదు. తొలేళ్ల రోజు, అంటే సిరిమాను పండగ ముందురోజు సాయంత్రం కోట వెనక రోడ్డు మీద నిలబడి ఉండగా వచ్చింది.

పైడితల్లమ్మ పండగకి ఊరంతా జనం. మా కుక్కని జనం లేని వైపు తిప్పుదామని అటు తీసుకెళ్లాను. ఎవరో టపాకాయ పేల్చారు. కుక్క ఒక్క గుంజు గుంజింది. తాడు నా చేతిలోనే ఉంది, తాడు చివర కొక్కెం ఉంది, బెల్టు కుక్క మెడకే ఉంది. మధ్యలో రింగు మాత్రం నోరు తెరిచేసింది. గంటసేపు వెతికితే కంటోన్మెంట్ వైపు ఒక టీ కొట్టు బల్ల కింద వణుకుతూ కనిపించింది. ఆ గంటలో నేను పడ్డ టెన్షన్ చెప్పలేను.

ఇంటికొచ్చి ఆ రింగు చూశాను. ఇనప తీగని వంచి రెండు కొసలూ ఒకదానికొకటి ఆనించారు, అంతే. అతుకు లేదు. పైన తళతళలాడే పూత, గోరుతో గీకితే లోపల తుప్పు. చేతిలో పగ్గం ఉండి కూడా కుక్కని పట్టుకోలేకపోయాను. అప్పుడనిపించింది, ‘పట్ట’ అంటే మెడకు వేసే పట్టా అయి ఉంటుందని. కుక్క బెల్టుని హిందీలో పట్టా అనే అంటారు. మన పట్టీ, పట్టెడ అదే కుటుంబం. మెడకి పట్టా, చేతికి పగ్గం, రెండూ ఉంటేనే జంతువు ఆగుతుంది. అందుకే జంటపదం అయిందనుకున్నాను.

సరిచూసుకుందామని దాసన్నపేట వైపు పెళ్లి ఊరేగింపులకి గుర్రాన్ని తెచ్చే ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన సామానంతా గోనె మీద పరిచి ఒక్కొక్కటీ చూపించారు. కూర్చునే జీను, కాలు పెట్టే రికాబు, చేత్తో పట్టే లగాం. పొట్ట కిందుగా తిప్పి జీనుని బిగించే పట్టీ పేరు తంగు. ఇవన్నీ పారసీ, అరబ్బీ మాటలు, ఉర్దూ మీదుగా మనకి వచ్చినవి. కళ్లెం ఏదండీ అంటే ఇనప ముక్క ఒకటి చేతికిచ్చారు. గుర్రానికి ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య పళ్లు లేని ఖాళీ చిగురు ఉంటుందట. కళ్లెం కూర్చునేది అక్కడ. దాని అంచు మీద వేలు పెట్టి రాసి చూడమన్నారు. గరుకు తగిలితే అది గుర్రం నోట్లో పుండవుతుందని. ఐదు అంగుళాల కళ్లెం పట్టే నోటికి నాలుగున్నరది వేస్తే పెదాల మూలలు ఒరుసుకుపోతాయి, పెద్దది వేస్తే అటూ ఇటూ జారుతుంది.

ఆ ఇనుము చేతిలో పట్టుకున్నాక పత్రికల్లో రాసే మాటలు నాకు కొత్తగా వినిపించాయి. ధరలకి కళ్లెం ‘వేస్తారు’, పార్టీ పగ్గాలు ‘చేపడతారు’. కళ్లెం చేపట్టారని ఎవరూ రాయరు. కళ్లెం ఉండేది దాని నోట్లో, పగ్గం ఉండేది మన చేతిలో. గుర్రాన్ని ఎన్నడూ తాకని వాళ్లు కూడా ఈ తేడా తప్పకుండా పాటిస్తున్నారంటే ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

ఇంతకీ ‘పట్ట’ గురించి నేననుకున్నది సరైనదేనా? పెద్దలు చెప్పాలి.

రాజాం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

బాబూ, కుక్క దొరికింది, సంతోషం. కానీ అర్థం అది కాదు. ‘తినతిండి, కట్టబట్ట లేదు’ అంటామా? తిన అంటే తినడానికి, కట్ట అంటే కట్టుకోవడానికి. అదే వరసలో పట్ట అంటే పట్టడానికి. పట్టపగ్గాలు లేవంటే పట్టి ఆపడానికి పగ్గాలు లేవని. నువ్వన్న పట్టా అయితే ‘పట్టాపగ్గాలు’ అనే దీర్ఘం ఎక్కడో ఒకచోట మిగిలి ఉండేది. ఇంకొకటి చూడు. పగ్గం సంస్కృత ప్రగ్రహానికి తద్భవం. గ్రహించడమంటే పట్టుకోవడమే. అంటే ఆ మాటలో రెండు ముక్కల్లోనూ ఉన్నది పట్టే. తమిళంలో కళ్లెం కడివాళం, కన్నడంలో కడివాణ. రెంటి మొదట్లోనూ ఉన్న ‘కడి’కి అర్థం కొరకడం. మనకి కడి అంటే అన్నం ముద్ద. పగ్గం చేతి మాట, కళ్లెం నోటి మాట అని నువ్వు గమనించింది మాత్రం నూటికి నూరు పాళ్లూ నిజం.

పాతపట్నం దగ్గర్నుంచి, రైతు:

మాకు గుర్రాలు తెలీవు బాబూ, పశువులు తెలుసు. మెడకి కట్టేది పలుపు. ముక్కులోంచి తీసేది ముకుతాడు. వరసగా చాలా పశువుల్ని కట్టే పొడుగు తాడు దామెన. మూతికి అల్లి తగిలించేది చిక్కం. మా నాన్న కొత్త పలుపుని కొనగానే కట్టేవారు కాదు. రెండు చేతుల్తో పేట విప్పి లోపల నార ఎలా ఉందో చూసేవారు. పైకి నున్నగా ఉండి లోపల పొట్టి నార ఉంటే వర్షాకాలం దాటదు. మీరు రింగు లోపల ఇప్పుడు చూశారు, ముందే చూడాల్సింది.

నా జవాబు:

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. తినతిండి, కట్టబట్ట పక్కన పెట్టి చూశాక ఇంకో మాట లేదు. పాతపట్నం అన్నగారూ, మీ నాన్నగారు చేసిందే నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

మూడులాంతర్ల దగ్గర తోలు పని చేసే పెద్దాయన చేత కొత్త బెల్టు కుట్టించాను. తోలుపట్టీని ఆయన ‘వారు’ అన్నారు. ఆ మాట విని ఎన్నేళ్లయిందో! మంచి ‘వారు’ని ఎంచడం కూడా ఆయనే చూపించారు. అంచు చూడాలి. నిండు తోలైతే అంచు పొడుగునా ఒకే ముక్కగా ఉంటుంది, తోలు పొడిని జిగురుతో అతికించినదైతే పొరలు కనిపిస్తాయి. మడిచి చూస్తే మంచి తోలు సన్నటి ముడతలు పడుతుంది, చచ్చు తోలు పగులుతుంది. తంగేడు చెక్కతో, కరక్కాయతో తోలు పదును చేయడం మన దక్షిణాదిన పాత విద్య. నాకిచ్చిన ముక్కలో ఆ వాసన ఉంది.

మైనం రాసిన ఒకే దారానికి రెండు కొసల్లోనూ రెండు సూదులు ఎక్కించి, ప్రతి బెజ్జంలోనూ అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి దూర్చారు. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు పట్టుకునే ఉంటుంది. మిషన్ కుట్టు అలా కాదు, ఒకచోట తెగితే వరసంతా వదులవుతూ పోతుంది. రింగుల కోసం జేబులోంచి అయస్కాంతం తీశారు. ఇత్తడికి అంటుకోదు, ఇత్తడి పూత పూసిన ఇనుముకి టక్కున అంటుకుంటుంది. సంచిలో ఉన్న పది రింగుల్లో మూడు పక్కన పడేశారు. మెడకి కట్టాక బెల్టు కింద నా రెండు వేళ్లు దూర్చి చూసి అప్పుడు బెజ్జం వేశారు.

సోంపేట నుంచి, ఒక అక్క:

తమ్ముడూ, మాది సముద్రం పక్క. ఉప్పు గాలికి ఇనుము నెల తిరక్కుండా ఎర్రబారుతుంది, తోలు వానకి బూజు పడుతుంది. మా కుక్క రోజూ నీళ్లలో దిగుతుంది. నైలాన్ మేలు కదా? ఒంటికి తొడిగే బాడీ బెల్టుకి, మూతికి వేసే మజిల్‌కి తెలుగు మాటలు కూడా చెప్పండి.

నా జవాబు:

అక్కా, నీళ్లలో దిగే కుక్కకి నైలానే మేలు. కుళ్లదు, తొందరగా ఆరుతుంది. ఉప్పునీళ్ల తర్వాత మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, ఎండ దాన్ని కూడా తినేస్తుంది. అంచు మాత్రం చేత్తో తడిమి చూడండి. ముందుకాళ్ల చంకల్లో ఒరుసుకుంటే రోమం పోతుంది.

గుర్రం విషయం వేరు. తలకి తొడిగి కట్టేసి ఉంచే పట్టీలు తోలువే మంచివని ఆ దాసన్నపేట ఆయన గట్టిగా చెప్పారు. గుర్రం బెదిరి వెనక్కి గుంజినప్పుడు తోలు తెగి దాని మెడ దక్కుతుంది, నైలాన్ తెగదు. అందాకా గట్టిదంటే ఎన్నటికీ తెగనిదనే నేననుకునేవాణ్ణి. చెమట ఉప్పు కుట్లని తినేస్తుందని, ఊరేగింపు నుంచి రాగానే తడిగుడ్డతో అన్నీ తుడుస్తారు. రికాబు వేలాడే పట్టీ బెజ్జాలు గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డులా సాగాయా అని ఎక్కేముందు చూస్తారు. సాగితే ఆ రోజుకి ఆ పట్టీ వాడరు.

మజిల్‌కి పాతపట్నం అన్నగారు చెప్పిన చిక్కం చక్కగా సరిపోతుంది, ఇవాళ్టి నుంచి నేను అదే అంటాను. బాడీ బెల్టుకి మాత్రం నా దగ్గర మాట లేదు. బండి ఎద్దుల కట్లలో గుండెకి అడ్డంగా వచ్చే వారుకి శ్రీకాకుళం పల్లెల్లో ఏదైనా పేరుంటే రాయండి. రేపు మళ్లీ మూడులాంతర్లు వెళ్తున్నాను, పెద్దాయన్ని కూడా అడుగుతాను.