అప్‌డేట్: హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ వచ్చింది, నెట్‌లో (ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి పనిచేసే రేడియో ఆపరేటర్ల బృందంలో) కూడా చేరాను

పరీక్షకు మోర్స్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే సంకేత పద్ధతి) తప్పనిసరా, లైసెన్స్ వచ్చాక వరదలప్పుడు నిజంగా పనికొస్తామా అని ఇంతకుముందు అడిగాను కదా. మోర్స్ సంగతి తేలిక: 2003 ప్రపంచ రేడియో సమావేశం ఆ నిర్ణయాన్ని ఆయా దేశాలకే వదిలేసింది. నాకైతే అవసరం పడలేదు, సరదాకి నేర్చుకుంటున్నా.

అసలు విషయం రెండోది. వరదలప్పుడు చేసే ఈ రేడియో సేవలో మాట్లాడటం తక్కువ, వినడం ఎక్కువ. నెట్ కంట్రోల్ (నెట్‌ను నడిపించే ఆపరేటర్) పిలిస్తేనే నోరు విప్పాలి. సందేశం ఉన్నదున్నట్టు రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. మొన్నటి డ్రిల్‌లో "పదిహేను దుప్పట్లు" అంటే గరగరలో అవతలివాళ్లకి "పదిహేడు" అని వినబడింది. అందుకే అంకెలు విడివిడిగా "ఒకటి, ఐదు" అని చెప్పిస్తారు. పేర్లయితే A కి ఆల్ఫా, B కి బ్రావో అంటూ అక్షరం అక్షరం.

5 వాట్ల చేతి సెట్ 144 మెగాహెర్ట్జ్‌లో దాదాపు కనుచూపు మేరకే అందుతుంది. మన సిగ్నల్‌ను అందుకుని ఇంకా దూరానికి తిరిగి పంపేది రిపీటర్; కరెంటు పోయి అది మూగబోతే ఎలా? అందుకే సింప్లెక్స్‌లోనూ (రిపీటర్ లేకుండా నేరుగా సెట్ నుంచి సెట్‌కి) సాధన చేయిస్తున్నారు. ఇంకా దూరానికి పగటిపూట 7 మెగాహెర్ట్జ్, తక్కువ ఎత్తులో కట్టిన డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) చాలు. అయనావరణం (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర) తరంగాన్ని మళ్లీ కిందికి పంపుతుంది.

కొత్తవాళ్లు ఖరీదైన సెట్ కన్నా ముందు మంచి బ్యాటరీ కొనుక్కోండి. జవాబులిచ్చిన అందరికీ 73 (హామ్ భాషలో శుభాకాంక్షలు)!